పాచ్‌ఎల్ఫ్ సమీక్ష: షేర్డ్ లైబ్రరీల దారి సరిచేసే పనిముట్టు, అది చేయగలిగినదీ చేయలేనిదీ

లినక్స్ మీద ప్రోగ్రాము కంపైల్ చేసి మరొకరి యంత్రంలో నడపబోయిన వారికి “ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్” అని మొదలై “నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ” అని ముగిసే సందేశం ఏదో ఒకనాడు ఎదురయ్యే ఉంటుంది. ప్రోగ్రాము కోరే షేర్డ్ లైబ్రరీ, అంటే అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైలు, అసలు ఆ యంత్రంలో లేకపోయినా ఇదే సందేశం వస్తుంది, ఉండి కూడా లోడర్ (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను తెచ్చి కలిపేది) వెతికే చోట్లలో లేకపోయినా ఇదే వస్తుంది. ఈ రెండింటిలో రెండవ దానికి మందు పాచ్‌ఎల్ఫ్. సోర్సు చేతిలో లేకపోయినా, మళ్లీ కంపైల్ చేసే అవకాశం లేకపోయినా, తయారైన బైనరీ ఫైలులో లోడర్ చదివే వివరాలను నేరుగా మార్చగలిగే ఈ కమాండ్ లైన్ ప్రోగ్రామును ప్యాకేజింగ్ పనిలో చాలాకాలంగా వాడుతున్నవాడిగా దీని గుణదోషాలను వివరంగా చెప్పదలచుకున్నాను.

నిక్స్ ప్యాకేజీ మేనేజరును రూపొందించిన ఏల్కో డోల్‌స్ట్రా దీనిని మొదలుపెట్టారు. నేటికీ ఇది నిక్స్ఓఎస్ ప్రాజెక్టు కిందనే ఉంది. జీపీఎల్ మూడవ వెర్షన్ లైసెన్సుతో ఉచితంగా లభిస్తుంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి ముఖ్యమైన డిస్ట్రిబ్యూషన్లన్నింటిలో ఇదే పేరుతో ప్యాకేజీ ఉంది, పైథాన్ వాడేవారు పిప్ ద్వారా కూడా తెచ్చుకోవచ్చు. లినక్స్ బైనరీలకు వాడే ఎల్ఫ్ ఫార్మాట్ ఫైళ్ల మీద మాత్రమే పనిచేస్తుంది కనుక మ్యాక్, విండోస్ బైనరీలకు ఇది పనికిరాదు.

దీని విలువ అర్థం కావాలంటే లింకర్ (కంపైల్ చేసిన ముక్కలను కలిపి ప్రోగ్రాముగా చేసేది) ఏమి రాసిపెడుతుందో, లోడర్ ఏమి చదువుతుందో ముందు స్పష్టంగా తెలియాలి. మనం లింక్ చేసేటప్పుడు “-ఎల్‌ఎస్‌ఎస్‌ఎల్” అని ఇస్తే లింకర్ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ అనే ఫైలును వెతికి పట్టుకుని, దాని లోపల సోనేమ్ అనే గడిలో ఉన్న పేరును, అంటే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.3 అనే దానిని, మన ప్రోగ్రాములోని “నీడెడ్” పట్టికలో రాస్తుంది. ఆ లైబ్రరీ ఏ డైరెక్టరీలో దొరికిందో మాత్రం మామూలుగా ఎక్కడా రాయదు. కంపైల్ చేసిన యంత్రంలో అంతా సవ్యంగా నడిచి, పక్క యంత్రంలో ఆగిపోవడానికి మూలం ఇక్కడే ఉంది. ప్రోగ్రాము మొదలైనప్పుడు లోడర్ ఆ పట్టికలోని ఒక్కొక్క పేరును తీసుకుని ఒక నిర్ణీత వరుసలో వెతుకుతుంది: బైనరీలో రన్‌పాత్ లేకుండా ఆర్‌పాత్ మాత్రమే ఉంటే (రెండూ బైనరీలోనే రాసి ఉండే వెతుకులాట దారులు) మొదట అందులోని డైరెక్టరీలు, తరువాత ఎల్‌డి_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఆ తరువాత రన్‌పాత్, ఆపైన ఎల్‌డికాన్ఫిగ్ తయారుచేసిన క్యాష్, చిట్టచివర సిస్టమ్ లైబ్రరీ డైరెక్టరీలు.

పాచ్‌ఎల్ఫ్ ఈ గడులన్నింటినీ చదవగలదు, మార్చగలదు. “--ప్రింట్-నీడెడ్” అంటే ఆ బైనరీ కోరుకునే లైబ్రరీల పేర్లు వస్తాయి, “--ప్రింట్-ఆర్‌పాత్” అంటే అందులో రాసి ఉన్న వెతుకులాట దారి వస్తుంది. చదవడానికే అయితే ఎల్ఫ్ ఫైలు వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్ సరిపోతుంది కదా అని అడగవచ్చు. సరిపోతుంది, పైగా అది మరిన్ని వివరాలు చూపుతుంది. అయితే స్క్రిప్టులలో వాడుకోవడానికి పాచ్‌ఎల్ఫ్ ఇచ్చే శుభ్రమైన జవాబు ఎంతో సౌకర్యం. బైనరీకి కావలసిన లైబ్రరీలను చూపడానికి చాలామందికి అలవాటైన ఎల్‌డిడి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. దాని మాన్యువల్ పేజీయే చెబుతున్నట్టు, కొన్ని పరిస్థితులలో అది పరిశీలించబోయే ప్రోగ్రామును నిజంగా నడిపించే అవకాశం ఉంది కనుక ఎక్కడినుంచో వచ్చిన బైనరీ మీద దానిని ప్రయోగించకూడదు. పాచ్‌ఎల్ఫ్, రీడ్‌ఎల్ఫ్ రెండూ ఫైలును చదువుతాయే గాని నడపవు.

అసలు పని ఎలా చేస్తుందో ఒక మామూలు ఉదాహరణతో చూద్దాం. ఒక ప్రోగ్రాము “బిన్” డైరెక్టరీలోనూ, అది వాడే లైబ్రరీలు పక్కనే ఉన్న “లిబ్” డైరెక్టరీలోనూ ఉన్నాయి. ఈ మొత్తాన్ని ఒక కట్టగా ఏ యంత్రంలో ఏ చోట విప్పినా నడవాలి. దీనికి “--సెట్-ఆర్‌పాత్” అనే ఆప్షనుకు “$ఆరిజిన్/../లిబ్” అనే విలువ ఇస్తే చాలు. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఆ ఆరిజిన్ అనే మాటను లోడర్ నడిచే సమయంలో ఆ బైనరీ ఉన్న డైరెక్టరీగా మార్చుకుంటుంది. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త ఉంది. ఈ విలువను సింగిల్ కోట్లలో ఉంచకపోతే షెల్ దానిని తన వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది, బైనరీలో ఉత్త “/../లిబ్” మిగులుతుంది. మేక్‌ఫైలులో అయితే కోట్లతో పాటు డాలర్ గుర్తును రెండుసార్లు రాయాలి. పాచ్‌ఎల్ఫ్ ఈ విషయంలో ఏ హెచ్చరికా ఇవ్వదు, ఇచ్చినది ఇచ్చినట్టు రాసేస్తుంది. కాబట్టి మార్చిన వెంటనే “--ప్రింట్-ఆర్‌పాత్”తో సరిచూసుకోవడం తప్పనిసరి అలవాటు కావాలి.

ఇంతకంటె లోతైన చిక్కు ఆర్‌పాత్‌కూ రన్‌పాత్‌కూ ఉన్న తేడాలో ఉంది. ఆప్షను పేరు “సెట్-ఆర్‌పాత్” అయినా, పాచ్‌ఎల్ఫ్ మామూలుగా రాసేది రన్‌పాత్‌నే. రన్‌పాత్ ఏ ఫైలులో ఉందో ఆ ఫైలు నేరుగా కోరే లైబ్రరీలకు మాత్రమే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు మళ్లీ కోరే లైబ్రరీలకు వర్తించదు. పై ఉదాహరణలో ప్రోగ్రాము ఒక బొమ్మల లైబ్రరీని కోరుతుంది, ఆ బొమ్మల లైబ్రరీ ఒక కుదింపు లైబ్రరీని కోరుతుంది, రెండూ “లిబ్”లోనే పక్కపక్కనే ఉన్నాయి అనుకుందాం. ప్రోగ్రాముకు దారి సరిచేశాక బొమ్మల లైబ్రరీ దొరుకుతుంది, కాని దాని వెనుక ఉన్న కుదింపు లైబ్రరీ దొరకదు. రెండూ ఒకే డైరెక్టరీలో కళ్లెదుట కనిపిస్తున్నా లోడర్ లేదనే అంటుంది. పరిష్కారం సులభమే: “లిబ్”లో ఉన్న ప్రతి లైబ్రరీకీ “$ఆరిజిన్” అని దాని సొంత దారి రాయాలి. పాచ్‌ఎల్ఫ్‌కు ఒకేసారి అనేక ఫైళ్లు ఇవ్వవచ్చు కనుక ఇది ఒక్క వరుసలో పూర్తవుతుంది. మరో మార్గం “--ఫోర్స్-ఆర్‌పాత్” ఇచ్చి పాతకాలపు ఆర్‌పాత్‌ను రాయించడం. అది వెనుక ఉన్న లైబ్రరీలకు కూడా వర్తిస్తుంది, కాని ఎల్‌డి_లైబ్రరీ_పాత్ కంటె ముందు నిలబడుతుంది కనుక వాడుకరి తన అవసరానికి వేరే లైబ్రరీని చూపించే వీలు పోతుంది. అందుచేత ప్రతి లైబ్రరీకీ దాని దారి రాయడమే మేలని నా అభిప్రాయం.

లోడర్ ఎక్కడెక్కడ వెతుకుతోందో చూడాలంటే ఎల్‌డి_డీబగ్ అనే వేరియబులుకు “లిబ్స్” అనే విలువ ఇచ్చి ప్రోగ్రామును నడపాలి. ఏ పేరు కోసం ఏ డైరెక్టరీ తట్టిందో, ఏది ఆర్‌పాత్ నుంచి వచ్చిందో, ఏది క్యాష్ నుంచి వచ్చిందో వరుసగా అచ్చవుతుంది. పాచ్‌ఎల్ఫ్ వాడేవారికి దీనికి మించిన తోడు లేదు.

నీడెడ్ పట్టికలో కనిపించని ఆధారాలు మరొక తరగతి. ప్రోగ్రాము నడుస్తుండగా డిఎల్ఓపెన్ ద్వారా పిలిచే లైబ్రరీలను ఎల్‌డిడి గాని, పాచ్‌ఎల్ఫ్ గాని చూపించలేవు. తెలుగు అక్షరాలతో పనిచేసేవారికి దీని ప్రభావం బాగా తెలుస్తుంది. పైథాన్‌లో బొమ్మల మీద అక్షరాలు రాయడానికి వాడే పిల్లో లైబ్రరీని తీసుకోండి. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చడానికి అది రాక్మ్ అనే లైబ్రరీ మీద, దాని ద్వారా హార్ఫ్‌బజ్ మీద ఆధారపడుతుంది. 8.2.0 వెర్షను నుంచి పిల్లో వీల్ (ముందే కంపైల్ చేసి ఉంచిన పైథాన్) ప్యాకేజీలలో రాక్మ్ లోపలే ఉంటుంది, కాని దానికి కావలసిన ఫ్రీబిడి లైబ్రరీని మాత్రం నడిచే సమయంలో, అదీ యంత్రంలో ఉంటేనే, తెచ్చుకుంటుంది. ఫ్రీబిడి దొరకకపోతే పిల్లో ఏ లోపమూ చూపకుండా సాధారణ పద్ధతికి మారిపోతుంది. అప్పుడు “స్త్రీ” అని రాయవలసిన చోట స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం విడివిడిగా వరుసగా పడతాయి. పెళ్లి పత్రికలు, ధ్రువపత్రాలు తయారుచేసే సర్వరులో, అందులోనూ చిన్న కంటైనర్ ఇమేజీలో, ఇలాంటిది జరిగితే లాగ్ ఫైలులో ఒక్క వాక్యం కూడా కనిపించదు, పత్రిక చూసిన మనిషే చెప్పాలి.

ఇటువంటి చోట పాచ్‌ఎల్ఫ్‌లోని “--యాడ్-నీడెడ్” నిజమైన ఉపకారం చేస్తుంది. పిల్లోలోని ఫాంటు మాడ్యూలుకు లిబ్‌ఫ్రీబిడి.ఎస్ఓ.0 అనే పేరును నీడెడ్ పట్టికలో చేర్చితే, ఆ లైబ్రరీ లేని యంత్రంలో ఫాంటు తెరవబోయిన క్షణంలోనే లోపం బయటపడుతుంది. అక్షరాలు విరిగిన పత్రిక బయటికి వెళ్లే కంటె ప్రోగ్రాము ఆగిపోవడం వెయ్యి రెట్లు నయం. దాగి ఉన్న ఆధారాన్ని అందరికీ కనిపించేలా చేయడం ఈ పనిముట్టు ఉపయోగాలలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోస్తుంది, అయినా దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ఇదే సందర్భంలో “--ష్రింక్-ఆర్‌పాత్” అనే ఆప్షనుతో జాగ్రత్తగా ఉండాలి. నీడెడ్ పట్టికలోని ఏ లైబ్రరీ లేని డైరెక్టరీలను అది దారిలోనుంచి తొలగిస్తుంది. కంపైల్ చేసిన యంత్రం తాలూకు హోమ్ డైరెక్టరీ పేర్లు బైనరీలో మిగిలిపోయినప్పుడు ఇది మంచి చీపురే, కాని డిఎల్ఓపెన్ కోసం పెట్టుకున్న డైరెక్టరీలను కూడా అది ఊడ్చేస్తుంది.

ఇక దీని హద్దు ఎక్కడుందో చెప్పాలి. ఒక సరఫరాదారు సంస్థ తన పరికరంతో పాటు ఇచ్చిన బైనరీ మా దగ్గర ఉబుంటు 22.04 మీద లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.1.1 లేదని ఆగిపోయింది. 2021 సెప్టెంబరులో, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అందించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టు 3.0 వెర్షను విడుదలయ్యాక వచ్చిన ఆ ఉబుంటులో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.3 మాత్రమే ఉంటుంది. ఇలాంటప్పుడు “--రీప్లేస్-నీడెడ్” వాడి పాత పేరు స్థానంలో కొత్త పేరు పెడితే సరిపోతుంది కదా అనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. అలా మార్చడాన్ని పాచ్‌ఎల్ఫ్ నిరాకరించదు, పేరు మారుతుంది, లోడర్ కొత్త ఫైలును పట్టుకుంటుంది కూడా, కాని మరుక్షణమే “వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 నాట్ ఫౌండ్” అని ఆగిపోతుంది. ఎందుకంటే పాత బైనరీ ఫైలు పేరును మాత్రమే కాక, ఒక్కొక్క ఫంక్షనును ఏ సింబల్ వెర్షనుతో కోరుకుంటున్నదో కూడా రాసిపెట్టుకుంది, కొత్త లైబ్రరీలో ఆ వెర్షన్లు లేవు. కొత్త ఫైలుకు పాత పేరుతో సింబాలిక్ లింకు పెట్టినా జరిగేది ఇదే. సోనేమ్ చివర అంకె మారిందంటే లైబ్రరీ రచయితలు పాత ప్రోగ్రాములతో ఉన్న ఒప్పందాన్ని మార్చామని ప్రకటించారని అర్థం. పాచ్‌ఎల్ఫ్ దారిని సరిచేయగలదు గాని ఆ ఒప్పందాన్ని తిరిగి కుదర్చలేదు. పాత లైబ్రరీని కూడా ప్రోగ్రాము పక్కన పెట్టి దారి చూపడం ఒక తాత్కాలిక మార్గమే, కాని భద్రతా సవరణలు రాని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను నెట్‌వర్కుకు ఎదురుగా నిలబెట్టడం ప్రమాదం కనుక కొత్త బైనరీ ఇవ్వమని సరఫరాదారును అడగడమే సరైన పని.

ఇదే పరిమితి లినక్స్ ప్రధాన సి లైబ్రరీ అయిన గ్లిబ్‌సీ విషయంలో మరింత కఠినంగా ఉంటుంది. 2021లో వచ్చిన గ్లిబ్‌సీ 2.34లో పీథ్రెడ్, డిఎల్ లైబ్రరీలను ప్రధాన లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రాము ప్రారంభానికి సంబంధించిన సింబలుకు కూడా కొత్త వెర్షను వచ్చింది. అందువల్ల ఆ వెర్షను లేదా దాని తరువాతి దాని మీద లింక్ చేసిన చిన్న ప్రోగ్రాము కూడా గ్లిబ్‌సీ 2.31 ఉన్న ఉబుంటు 20.04 మీద నడవదు. పాచ్‌ఎల్ఫ్‌లో “--క్లియర్-సింబల్-వెర్షన్” అనే ఆప్షను ఉంది, సింబల్ పేరు ఇస్తే దాని వెర్షను అవసరాన్ని చెరిపేస్తుంది. దానిని నేను ఎవరికీ సిఫారసు చేయను. వెర్షన్లు ఊరికే పెట్టినవి కావు. ఉదాహరణకు గ్లిబ్‌సీ 2.14లో మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీ అనే ఫంక్షనుకు కొత్త వెర్షను ఇచ్చి, పాత వెర్షనును కోరే బైనరీలకు మెమ్‌మూవ్ (దానికంటె జాగ్రత్తగా కాపీ చేసే ఫంక్షను) ప్రవర్తనను అలాగే ఉంచారు, ఒకదానిమీద ఒకటి పడే మెమరీని కాపీ చేసే పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ఉండాలని. ఆ గుర్తును చెరిపితే ఏ ప్రవర్తన దొరుకుతుందో మన చేతిలో ఉండదు. పాత యంత్రాలలో నడవాలంటే పాత గ్లిబ్‌సీ ఉన్న కంటైనరులో కంపైల్ చేయడమే నమ్మదగిన మార్గం.

బైనరీలోని ఇంటర్‌ప్రిటర్ గడి, అంటే లోడర్ ఫైలు ఎక్కడుందో చెప్పేది, మరో ముఖ్యమైన చోటు. నిక్స్ఓఎస్‌లో మామూలు చోట మామూలు లోడర్ ఉండదు కనుక బయటినుంచి తెచ్చిన బైనరీ నేరుగా నడవదు; 24.05కు ముందు వెర్షన్లలో ఫైలు కళ్లముందే ఉన్నా “నో సచ్ ఫైల్” అని వచ్చేది. లేనిది ప్రోగ్రాము కాదు, దాని లోడర్. మజిల్ సి లైబ్రరీ వాడే ఆల్పైన్‌లోనూ ఇదే గందరగోళం. “--సెట్-ఇంటర్‌ప్రిటర్”తో సరైన లోడర్ దారిని చూపవచ్చు. అయితే ఈ గడిని చదివేది కర్నెల్ కనుక ఇక్కడ ఆరిజిన్ పనిచేయదు, పూర్తి దారి ఇవ్వాలి. లోడరూ గ్లిబ్‌సీ ప్రధాన లైబ్రరీ ఒకే వెర్షనుకు చెందినవై ఉండాలి. ఒకదానిని కట్టలో పెట్టి మరొకదానిని సిస్టమ్ నుంచి తీసుకుంటే ప్రోగ్రాము మొదలవక ముందే కుప్పకూలుతుంది.

ఫైలును మార్చే తీరు గురించి కొంత చెప్పాలి. పాత సీహెచ్‌ఆర్‌పాత్ అనే పనిముట్టు అప్పటికే ఉన్న దారి స్థానంలో అంతే పొడవు లేదా అంతకంటె చిన్న దారిని మాత్రమే రాయగలదు. పాచ్‌ఎల్ఫ్‌కు ఆ పరిమితి లేదు, చోటు చాలకపోతే సంబంధిత భాగాలను కొత్త సెగ్మెంటులోకి తరలిస్తుంది. దీని మూల్యం ఫైలు పరిమాణం పెరగడం. ఒకే ఫైలును పదే పదే మారుస్తూ పోతే ఆ పెరుగుదల కనిపిస్తుంది. పాచ్ చేసిన ఫైలు మీద తరువాత స్ట్రిప్ (బైనరీలోని డీబగ్ సమాచారాన్ని తొలగించే పనిముట్టు) నడిపితే ఫైలు పాడైన సందర్భాలు కూడా ఉన్నాయి. కాబట్టి ముందు స్ట్రిప్, ఆ తరువాతే పాచ్‌ఎల్ఫ్ అనే వరుసను పాటించాలి. వేరే ఫైలు ఇవ్వకపోతే ఇది అసలు ఫైలునే మారుస్తుంది. “--అవుట్‌పుట్” ఆప్షను ఇచ్చి కొత్త ఫైలుగా రాయించుకుని, పని తృప్తిగా ఉన్నాకనే పాతదాని స్థానంలో పెట్టుకోవడం క్షేమం. సరఫరాదారు సంతకం చేసిన ఫైలైతే మార్పుతో ఆ సంతకం చెల్లదు.

ప్రత్యామ్నాయాలలో అందరూ మొదట పట్టుకునేది ఎల్‌డి_లైబ్రరీ_పాత్. పరీక్షించడానికి అది బాగుంటుంది, శాశ్వతంగా అందించడానికి బాగుండదు. ఆ విలువ ప్రోగ్రాము పుట్టించే పిల్ల ప్రాసెసులన్నింటికీ సంక్రమిస్తుంది. మన కట్టలో పాత సీప్లస్‌ప్లస్ లైబ్రరీ ఉండి, మన ప్రోగ్రాము సిస్టమ్‌లోని బ్రౌజరును తెరిస్తే, ఆ బ్రౌజరు కూడా మన పాత లైబ్రరీనే పట్టుకుని ఆగిపోతుంది. బైనరీలో రాసిన దారికి ఈ జబ్బు లేదు. ఇక సోర్సు మన చేతిలోనే ఉంటే పాచ్‌ఎల్ఫ్ అవసరమే రాకూడదు. లింక్ చేసేటప్పుడే “-డబ్ల్యుఎల్,-ఆర్‌పాత్” ద్వారా దారి రాయించవచ్చు, సీమేక్ వాడేవారికి ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ అనే ఏర్పాటు ఉంది, ప్యాకేజీ-కాన్ఫిగ్ ఫైళ్లు సరిగా రాస్తే ఏ లైబ్రరీలు నేరుగా కావాలో, ఏవి స్టాటిక్ లింకింగుకు మాత్రమే కావాలో విడిగా చెప్పవచ్చు. బిల్డ్ స్క్రిప్టులోని లోపాన్ని చివరలో పాచ్‌ఎల్ఫ్‌తో కప్పిపుచ్చే అలవాటును నేను అంగీకరించను. లోపం అక్కడే ఉండిపోయి ప్రతి విడుదలకూ తిరిగి వస్తుంది.

ఈ పనిముట్టు ఎంత నమ్మకంగా పనిచేస్తుందో చూడాలంటే పైథాన్ లోకమే మంచి చోటు. ఒకే ప్యాకేజీ అనేక లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో నడవడానికి పెట్టిన మెనీలినక్స్ ప్రమాణాల ప్రకారం వీల్ ప్యాకేజీలు తయారుచేసే ఆడిట్‌వీల్ లోపల పనిచేసేది పాచ్‌ఎల్ఫే. బయటి లైబ్రరీలను ప్యాకేజీలోకి కాపీ చేసి, ఒక్కొక్క దాని పేరులో ఒక హాష్ (ఫైలులోని విషయాన్ని బట్టి వచ్చే గుర్తు) చేర్చి, సోనేమ్, నీడెడ్, దారి మూడింటినీ ఈ ప్రోగ్రాముతోనే మార్పిస్తుంది. ఆ హాష్ వెనుక చక్కని ఆలోచన ఉంది. ఒకే పేరున్న లైబ్రరీ ఒక ప్రాసెసులో అప్పటికే లోడ్ అయి ఉంటే లోడర్ రెండవసారి వెతకకుండా దానినే ఇచ్చేస్తుంది కనుక, రెండు ప్యాకేజీలు ఒకే లైబ్రరీ తాలూకు రెండు వేర్వేరు రూపాలను తెచ్చుకుంటే ఒకదానికి మరొకదానిది దక్కే ప్రమాదం ఉంది. పేరు మారితే ఆ ప్రమాదం ఉండదు. లినక్స్ మీద పిప్‌తో నంపై తెచ్చుకున్నవారు దాని పక్కనే ఉన్న “నంపై.లిబ్స్” డైరెక్టరీని ఒకసారి తెరిచి చూస్తే ఈ పేర్లు కనిపిస్తాయి.

లోటుపాట్ల విషయానికి వస్తే, మాన్యువల్ పేజీ మరీ క్లుప్తంగా ఉంది. ఆప్షను ఏమి చేస్తుందో ఒకటి రెండు వాక్యాలలో చెబుతుందే తప్ప, లైబ్రరీలు మళ్లీ కోరే లైబ్రరీలకు రన్‌పాత్ వర్తించదన్న సంగతి గాని, స్ట్రిప్ తరువాతే నడపాలన్న సంగతి గాని కొత్తవారికి అక్కడ తెలిసిరావు. చేయబోయే మార్పును రాయకుండా ముందుగా చూపే ఆప్షను కూడా ఉంటే బాగుండేది. ఎవరికి సిఫారసు చేస్తానంటే, సోర్సు లేని బైనరీలను కట్టగా కట్టి అందించేవారికి, కంటైనర్ ఇమేజీలు తయారుచేసేవారికి, పైథాన్ మాడ్యూళ్లు విడుదల చేసేవారికి నిస్సంకోచంగా చేస్తాను. దీనిని విడుదల తయారుచేసే యంత్రంలో ఒక నిర్దిష్ట వెర్షనుకు కట్టుబడి పెట్టుకోండి, మార్చిన ప్రతి ఫైలునూ లైబ్రరీలేవీ అదనంగా లేని ఖాళీ కంటైనరులో ఒకసారి నడిపి చూసిన తరువాతే బయటికి పంపండి.